దొడ్లో మొక్కకి చలేస్తుందా?

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి టీవీల్లో లంబసింగి కనిపిస్తుంది. గడ్డి మీద తెల్లటి మంచు, మంట చుట్టూ చేతులు చాపుకుని కూర్చున్న జనం. అది చూసిన మర్నాడు అమలాపురంలోనో తణుకులోనో ఎవరో ఒకరు దొడ్లో వంగ మొక్కల మీద పాత చీర కప్పుతారు. ఉత్తరాది వీడియోలో ప్లాస్టిక్ షీటు కప్పమన్నారని ఇంకొకరు టమాటా మడి మీద పట్టా వేసేస్తారు. నాలుగు రోజులు పోయాక పట్టా తీసి చూస్తే లోపల ఆకులన్నీ చెమట పట్టినట్టు తడిసి, అడుగాకుల మీద నల్ల మచ్చలు. చలికి కాపాడబోతే తెగులొచ్చి కూర్చుంది.

అసలు మన గోదావరి డెల్టాలో చలి ఎంత? డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 17 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటుంది. సముద్రం దగ్గర పడేకొద్దీ కాస్త ఎక్కువ, రాజమండ్రి వైపు కాస్త తక్కువ. గట్టిగా చలి వేసిన రాత్రి 15 దగ్గరికి దిగుతుంది. పగలు మళ్ళీ 28, 29 డిగ్రీలు. టమాటా, వంగ, మిరప లాంటి వేడి దేశపు మొక్కలకి చలి దెబ్బ తగలాలన్నా రాత్రి 10, 12 డిగ్రీల కిందికి పోవాలి. ఆకులో నీరు గడ్డకట్టాలంటే సున్నాకి రావాలి. అంతర్వేది నుంచి ధవళేశ్వరం దాకా ఏ దొడ్లోనూ ఆ భయం లేదు. పైగా టమాటాకి పిందె బాగా కట్టేది రాత్రి 15, 20 డిగ్రీల మధ్యే. మే నెలలో పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయేది రాత్రిళ్ళు కూడా వేడి తగ్గకపోవడం వల్ల. అంటే మనం దుప్పటి కప్పుకునే రోజులే టమాటాకి హాయిగా ఉండే రోజులు.

విత్తనానికి మాత్రం చలేస్తుంది. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. బెండ, బీర, ఆనప గింజలు జూన్‌లో నాలుగైదు రోజుల్లో మొలకెత్తుతాయి. అవే గింజలు పుష్యమాసంలో పెడితే వారం పది రోజులైనా పైకి రావు. ఆ ఆలస్యంలోనే తడిమట్టిలో ఉబ్బి కుళ్ళిపోతాయి. గింజలు మంచివి కావని షాపువాడిని తిట్టుకుంటారు గానీ, రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వంటింట్లో పొయ్యి గట్టు దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచితే అవే గింజలు మొలక చూపిస్తాయి. ఏదైనా కప్పాలనుకుంటే విత్తు పెట్టిన మడి మీద కప్పాలి, అదీ రాత్రిపూటే. తెల్లారగానే తీసెయ్యాలి. ఎదిగిన మొక్కకి దుప్పటి అక్కర్లేదు.

మరి చలికాలంలో డెల్టా దొడ్లో మొక్కలు ఎందుకు పోతాయి? ఎక్కువసార్లు తడి వల్ల. ఒకటి కింద మట్టిలో తడి, రెండోది పైన ఆకు మీద తడి.

ముందు కింది తడి సంగతి. ఇక్కడి శీతాకాలపు తోట తుఫాను నీడలో మొదలవుతుంది. కోనసీమ ఇప్పటికీ మర్చిపోని తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. 2018లో పెథాయ్ డిసెంబరు 17న కాట్రేనికోన ప్రాంతంలో తీరం దాటింది. 2025లో మొంథా అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర దాటింది. ధనుర్మాసం పట్టేదాకా ఏ వారమైనా వాన ముంచుకు రావచ్చన్నమాట. సరిగ్గా ఈ రోజుల్లోనే టమాటా, వంగ, మిరప, క్యాబేజీ నారు పోసి నాటుకోవాలి. టమాటా నారుకి 25, 30 రోజులు, నాటాక మొదటి కాయ కొయ్యడానికి ఇంకో 60, 70 రోజులు. సెప్టెంబరు ఆఖర్న నారు పోస్తే సంక్రాంతికి కాయ చేతికొస్తుంది గానీ తుఫాను గండం దాటాలి. తుఫాన్లన్నీ అయ్యాక డిసెంబరులో పోద్దామంటే కాయ వచ్చేసరికి మార్చి ఎండలు. అందుకని గింజలన్నీ ఒకేసారి పోయకుండా సగం దాచుకుని, మూడు నాలుగు వారాల తేడాతో రెండో విడత పోసుకోవడం మేలు. ఆ రెండో విడతకి నవంబరు సగం గడువు. నారుని నేల మీద కాకుండా ట్రేల్లోనో పాత గిన్నెల్లోనో పోస్తే వాన వచ్చినప్పుడు వరండాలోకి లాగేయొచ్చు. కడియం వైపు నర్సరీల్లో ట్రేల్లో పెంచిన నారు కొనుక్కుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

తుఫాను వెళ్ళిపోయినా నీళ్ళు వెంటనే పోవు. డెల్టా నేల చాలాచోట్ల బంకమట్టి. లంకల్లో, ఏటిగట్టు పక్కన ఇసుక కలిసిన ఒండ్రు ఉంటుంది కాబట్టి అక్కడి దొడ్లు అదృష్టవంతమైనవి, పొద్దున వాన పడితే సాయంత్రానికి ఇంకిపోతుంది. బంకమట్టిలో మూడు రోజులైనా చెప్పు దిగబడుతుంది. వేరుకి కూడా గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్ళు నిండిపోతే వేరుకి ఊపిరాడదు, ఊపిరాడని వేరు నీళ్ళు పీల్చలేదు. అందుకే నీళ్ళలో నిలబడ్డ మిరప మొక్క ఎండ రాగానే తల వాల్చేస్తుంది. చూసినవాళ్ళు పాపం నీళ్ళు చాల్లేదనుకుని ఇంకో చెంబుడు పోస్తారు. టమాటా, మిరప ఒకటి రెండు రోజులు నీళ్ళలో నిలబడితే కోలుకోవడం కష్టం. వంగ ఇంకాస్త ఓర్చుకుంటుంది. చేమకి అసలు పట్టింపే లేదు. పక్కనే ఉన్న కంద మాత్రం దుంపలోంచి కుళ్ళుతుంది.

ఇందులో డెల్టాకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. మిగతా ఊళ్ళల్లో వానలు ఆగాక నేల ఆరుతుంది. ఇక్కడ సరిగ్గా అప్పుడే దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, కాలువలు నిండుగా పారతాయి, డిసెంబరు ఆఖరు నుంచి ఊరి చుట్టూ చేలు నీళ్ళతో నిండిపోతాయి. పంటకాలువ పక్కనో చేను పక్కనో ఉన్న ఇళ్ళల్లో ఊట నీరు దొడ్లోకి లోపల్నుంచి పాకుతుంది. పై మట్టి ఎండి బీటలిచ్చినా, జానెడు లోతున చెమ్మ తగ్గదు. ఇలాంటి దొడ్లో మడులు కట్టి నీళ్ళు పెట్టే పద్ధతి వేసవికి సరిపోతుంది, చలికాలానికి పనికిరాదు. మట్టిని జానెడు ఎత్తున గట్టులా పోసి, గట్టు మీద నాటి, రెండు గట్ల మధ్య బోదె తీసి, ఆ బోదెకి బయటికి దారి చూపించాలి. చాలా దొడ్లలో బోదె ఉంటుంది, దారే ఉండదు. ప్రహరీ గోడ కట్టినప్పుడు నీళ్ళు పోయే కన్నం మూసేసిన ఇళ్ళు ఎన్నో.

నీళ్ళు ఎప్పుడు పెట్టాలన్నదానికి వారానికి ఇన్నిసార్లన్న లెక్క పెట్టుకోకపోవడం మంచిది. చలికాలంలో మొక్క వాడుకునే నీరు మే నెలలో వాడుకునేదాంట్లో దాదాపు సగమే. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. వేలికి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళొద్దు. పొడిగా రాలితే పోయొచ్చు. పొద్దున ఏడెనిమిది మధ్య, మొక్క మొదలు దగ్గర, ఆకు తడవకుండా. చల్లటి నీళ్ళు పోస్తే మొక్కకి షాక్ తగులుతుందేమోనని కొందరు వేణ్ణీళ్ళు కలుపుతారు. అంత శ్రమ అక్కర్లేదు. బోరు నీరు ఏడాది సగటు ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉంటుంది, అంటే చలికాలం పొద్దున్నే గాలి కంటే వెచ్చగా ఉంటుంది. మోటారు వేయగానే గొట్టం దగ్గర సన్నటి ఆవిరి లేవడం అందరూ చూసిందే. రాత్రంతా డాబా మీద ట్యాంకులో ఉన్న నీళ్ళే చల్లన.

తడి మట్టిలో మొదట బలయ్యేది నారు. నిన్నటిదాకా నిటారుగా ఉన్న మొలకలు పొద్దున్నే చూస్తే నేలకి వాలిపోయి ఉంటాయి. దగ్గరగా వంగి చూస్తే కాడ మట్టిని ఆనుకునే చోట దారంలా సన్నబడి, తడిసిన కాగితంలా మెత్తబడి ఉంటుంది. ఆకు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది. అదే నారుకుళ్ళు. గింజలు ఒత్తుగా చల్లడం, సాయంత్రం నీళ్ళు చిలకరించడం, ఎండ తగలని మూల నారు పోయడం, ఈ మూడూ కలిస్తే అది రాకుండా ఉండదు. వచ్చాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిపితే మిగిలినవైనా బతుకుతాయి. ముందుగానే మాగిన పశువుల ఎరువులో ట్రైకోడర్మా విరిడి కలిపి పది రోజులు నీడలో మగ్గపెట్టి నారుమట్టికి వాడితే ఆ మందు పని తక్కువే పడుతుంది. రెండూ ఒకేసారి వేస్తే మాత్రం డబ్బు దండగ. ట్రైకోడర్మా కూడా ఒక శిలీంధ్రమే, కాపర్ దాన్నీ దెబ్బతీస్తుంది.

ఇక పైన తడి. మన మాటల్లో మంచు. పొగమంచుకీ, ఆకు మీద పడే మంచుకీ మనం ఒకే మాట వాడతాం గానీ మొక్క విషయంలో రెండోదే ముఖ్యం. అది పైనుంచి కురవదు. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. ఆ గాలిలోని తేమ చల్లటి ఆకు తగిలి నీరవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టడం లాంటిదే. కాలువలు, చెరువులు, నీళ్ళు పెట్టిన చేలు చుట్టూ ఉన్న డెల్టాలో గాలిలో తేమకి కొదవేముంది? రాత్రి తొమ్మిదికి పట్టిన మంచు పొద్దున తొమ్మిదికి గానీ ఆరదు. పన్నెండు గంటలు ఆకు తడిగా ఉంటే శిలీంధ్రపు బీజం మొలకెత్తి ఆకులోకి దిగడానికి కావాల్సినంత టైము. సాయంత్రం ఆరింటికి పైపుతో మొక్కలకి స్నానం చేయించేవాళ్ళు ఆ పన్నెండుని పదిహేను చేస్తున్నారు.

పట్టా కప్పితే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. మట్టిలోంచి లేచిన ఆవిరి బయటికి పోక పట్టా లోపలే నీరై ఆకుల మీదే కారుతుంది. దాళ్వా నారుమడికి వెళ్ళే రైతుకి మంచు సంగతి ఎప్పటినుంచో తెలుసు. పొద్దున్నే ఇద్దరు చెరో గట్టు మీద నిలబడి తాడు లాగుతూ నారు మీద మంచు దులిపేస్తారు. పెరట్లో తాడు అక్కర్లేదు, తెల్లారాక పందిరి గుంజని రెండుసార్లు గట్టిగా కుదిపితే చాలు. టమాటాకి కర్ర పాతి కట్టి, మొదటి గుత్తి కింద ఉన్న ఆకులు తుంచేస్తే గాలి ఆడుతుంది. మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదలమంటే మనసొప్పదు, చిన్న దొడ్డి కదా అనిపిస్తుంది. కానీ ఒత్తుగా నాటిన పది మొక్కల కంటే ఎడంగా నాటిన ఆరు మొక్కలే ఎక్కువ కాస్తాయి.

పాదుల మీద ఈ కాలంలో వచ్చే రెండు తెగుళ్ళని చాలామంది ఒకటే అనుకుంటారు. ఒకటి బూడిద తెగులు, రెండోది బూజు తెగులు. ఆకు పైన ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉండి, వేలితో రాస్తే పొడి అంటుకుంటే అది బూడిద. ఆకు పైన ఈనెల మధ్య గళ్ళు గళ్ళుగా పసుపు మచ్చలు కనబడి, తిప్పి చూస్తే అడుగున బూడిదా ఊదా కలిసిన రంగులో సన్నటి నూగు ఉంటే అది బూజు. ఆ నూగు పొద్దున్నే మంచు ఆరకముందు చూస్తేనే బాగా కనబడుతుంది. చూపుకే కాదు, స్వభావంలోనూ రెండూ ఎడమొహం పెడమొహం. బూజుకి ఆకు మీద నీటి పొర తప్పనిసరి. బూడిదకి నీటి పొర అక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే నీళ్ళలో దాని బీజం సరిగ్గా మొలవదు. దానికి కావాల్సింది తేమ గాలి రాత్రి, పొడి పగలు. అందుకే తుఫాను వానల నెలలో బూజు ఎక్కువ, సంక్రాంతి దాటి పగళ్ళు పొడిబారాక బూడిద ఎక్కువ. బూడిదకి గంధకం చల్లితే పోతుందని మిరపకి వాడే అలవాటుతో దోస, బీర, ఆనప పాదుల మీద కొట్టేస్తుంటారు. పాదుజాతి ఆకులు గంధకానికి మాడిపోతాయి. ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, ఎండ ఉన్నప్పుడు వారానికోసారి ఆకు రెండువైపులా కొట్టడం పెరటి స్థాయిలో బాగానే పనిచేస్తుంది. ఎండ లేకపోతే అంత ఫలితం ఉండదు. ముదిరిపోయిన ఆకులకి పాలు పోయడం కంటే కోసి దూరంగా పారేయడమే నయం.

తడి తరవాత పొద్దు. పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దుండదని ఊరికే అనలేదు. డెల్టాలో డిసెంబరు మూడో వారంలో పగలు 11 గంటల పైన కొద్ది నిమిషాలే. జూన్‌లో 13 గంటలు దాటుతుంది. పొగమంచు పట్టిన రోజున ఎండ ముఖం ఎనిమిదిన్నర దాకా కనబడదు కాబట్టి మొక్కకి అందే ఎండ ఇంకా తక్కువ. దీనికితోడు సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు. డిసెంబరు 21, 22 తేదీల్లో మిట్టమధ్యాహ్నం కూడా మన ఆకాశంలో సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆరడుగుల ప్రహరీ గోడ నీడ పన్నెండింటికి ఉత్తరం వైపు ఐదడుగులు పడుతుంది. పక్కింటివాళ్ళ 22 అడుగుల మేడ నీడ 18 అడుగులు దాటుతుంది. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు కాబట్టి గోడకి ఉత్తరం వైపు మడిలో అప్పుడు శుభ్రంగా ఎండ పడుతుంది. ఆ మడిలోనే మళ్ళీ నవంబరులో టమాటా పెట్టి, మొక్క పొడుగ్గా సాగి పూత లేదని బాధపడేవాళ్ళు కొల్లలు. ఎరువు తక్కువైందనుకుని యూరియా వేస్తే ఇంకా సాగుతుంది. నీడ పడే మడికి పాలకూర, చుక్కకూర, కొత్తిమీర పెట్టుకుని, ఎండ పడే చోటికి కాయ కాసేవాటిని మార్చుకోవడం తప్ప దీనికి మందు లేదు.

కోనసీమలో కొబ్బరి చెట్ల కింద కూరగాయలు వేసే ఇళ్ళకి ఇది ఇంకో రకంగా తగులుతుంది. చెట్టు కింద ఆకాశం కనబడదు గనక మంచు తక్కువ పడుతుంది. కానీ పడింది ఆరదు. ఎండిన మట్టలు కొట్టించేస్తే ఎండ కొంత దిగుతుంది. మనిషి దొరికితే.

పొద్దు తగ్గడాన్ని పండగలా చూసే మొక్క ఒకటుంది. చిక్కుడు. ఆషాఢ శ్రావణాల్లో పెట్టిన పందిరి చిక్కుడు దసరా దాకా తీగ సాగి, ఆకు కమ్మి, ఒక్క పువ్వయినా పెట్టదు. కొత్తగా పెంచేవాళ్ళు విసుగెత్తి పీకేద్దామనుకుంటారు. మన నాటు పందిరి చిక్కుళ్ళు రాత్రి పొడుగుని లెక్కపెడతాయి. రాత్రి తగినంత పొడుగయ్యాకే పూత మొదలు. అందుకే కార్తీకంలో పూతకొచ్చి, ధనుర్మాసం నుంచి గుత్తులు గుత్తులుగా కాసి, రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చెయ్యడానికీ, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడానికీ పందిరి నిండుగా ఉంటుంది. పండగకి చిక్కుడుని ఎంచుకున్నవాళ్ళు దొడ్లో ఆ వారం ఏముంటుందో చూసే ఎంచుకుని ఉంటారు. రాత్రంతా వీధిలైటు వెలుగు నేరుగా పడే పందిరికి పూత ఆలస్యం కావచ్చు. కొత్త పొట్టి రకాలు పగలూ రాత్రీ పట్టించుకోకుండా ఏడాది పొడుగునా కాస్తాయి. రుచి విషయంలో ఎవరి పందిరి వాళ్ళది.

అదే పొద్దు గోంగూరకి గిట్టదు. జూన్‌లో నడుం ఎత్తు పెరిగి గంపలు గంపలుగా ఆకిచ్చే గోంగూర, నవంబరులో వేస్తే జానెడు ఎత్తుకే పూతకొచ్చి ఆకు చిన్నదై ముదిరిపోతుంది. తోటకూర కూడా త్వరగా కంకి వేస్తుంది. విత్తనం లోపం కాదు, ఎరువు లోపమూ కాదు. ఈ రెండూ ఫిబ్రవరి దాకా ఆగొచ్చు. వాటి చోట్లో మెంతికూర, పాలకూర, కొత్తిమీర వేసుకుంటే చలికాలం వాటిదే. ధనియాలు చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లాలి. మొలకకి పది రోజులైనా పడుతుంది, ఓపిక పట్టాలి. పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెంగా చల్లుకుంటే జనవరి ఆఖరి విడత దాకా వస్తూనే ఉంటుంది. ఆ తరవాత వేసింది ఎండకి ఆకు పెట్టకుండానే పూతకి పోతుంది.

కాలీఫ్లవర్ గురించి ఒక మాట. మన చలికి ఎర్లీ రకాలే పువ్వు కడతాయి. బాగా చల్లగా ఉండే చోట్లకి తగిన లేటు రకాల విత్తనం వేస్తే ఆకులు గొడుగంత పెరుగుతాయి, మధ్యలో ఏమీ ఉండదు. ఎర్లీ రకమైనా సరే, నర్సరీలో ముదిరిపోయిన నారు నాటితే చొక్కా గుండీ అంత పువ్వు పెట్టి ఆగిపోతుంది. ప్యాకెట్టు మీద రకం చదవడం, నారు వయసు అడగడం, ఇవి రెండే జాగ్రత్తలు.

ధనుర్మాసంలో గుమ్మడి పాదు ఉన్న ఇంటికి తెల్లారకముందే పిల్లలు వచ్చేస్తారు, గొబ్బెమ్మల మీదికి పూలు కావాలి. ఆ ఇంటివాళ్ళు లోపల్లోపల గొణుక్కుంటారు, కాయలు తగ్గిపోతాయని. నిజానికి గుమ్మడిలో పొడుగాటి సన్న కాడ మీద నిలబడే పువ్వు మగది. ఆడ పువ్వుకి రేకుల కింద గోలీ అంత పిందె ముందే ఉంటుంది. పిల్లలు కోసుకెళ్ళేవి ఎక్కువగా మగ పూలే, ఒక పాదుకి ఐదారు మిగిలితే చాలు. పిందె పసుపుపచ్చగా మారి రాలిపోవడానికి అసలు కారణం వేరు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. మంచు పట్టిన పొద్దున్న తేనెటీగ గూడు వదిలి వచ్చేసరికి పువ్వు టైము సగం అయిపోతుంది. కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి. పొద్దున ఏడింటికి ఒక మగ పువ్వు కోసి, రేకులు ఒలిచేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న కాడని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దితే సరి. పుప్పొడి తడిగా ఉంటే అంటుకోదు, పువ్వుని కాసేపు లోపల పెట్టి ఆరనివ్వాలి. ఆనపకి పొద్దున వెళ్తే లాభం లేదు, అది సాయంత్రం పూస్తుంది. బీర కూడా సాయంత్రమే. కాకర పొద్దున్నే.

మబ్బు పట్టిన రోజులు నాలుగు వరసగా వస్తే చిక్కుడు పందిరి మీద పేనుబంక దిగుతుంది. లేత చిగురు, పూగుత్తి నల్లటి పేలతో కప్పేసినట్టవుతుంది. ముందు కనబడేది పేను కాదు, చీమలు. పందిరి గుంజ ఎక్కి దిగుతూ చీమల బారు ఉందంటే పైన బంక ఉన్నట్టే. పేను వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, ఆ జిగురు మీద తరవాత నల్లటి మసి పడుతుంది. పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి పొద్దున్నే మంచు మీద చల్లడం పాత పద్ధతి. పొడి ఆకు మీద నిలవని బూడిద తడి ఆకుకి అంటుకుంటుంది, మంచు పనికొచ్చే సందర్భం ఇదొక్కటే. భోగి మంట బూడిద కూడా వాడొచ్చు, కానీ మంటలో రంగు వేసిన కుర్చీలు, టైర్లు పడని బూడిద అయితేనే. గ్యాసు పొయ్యి ఇళ్ళకి వేపనూనె ఉంది. లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు కలిపి, సాయంత్రం కాకుండా మంచు ఆరాక కొట్టాలి.

కొట్టేముందు ఒకసారి అక్షింతల పురుగుల్ని చూడటం మంచిది. ఒకే పేరుతో రెండు రకాలు తిరుగుతుంటాయి. చిక్కుడు మీద నున్నగా, మెరుస్తూ, బంక మధ్యలో తిరిగే పురుగు మన నేస్తం, రోజుకి పదుల కొద్దీ పేలు తింటుంది. దాని పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఉంటుంది. దాన్ని చూసి భయపడి చంపేసేవాళ్ళే ఎక్కువ. వంగాకు మీద ఉండే రెండో రకం మెరుపు లేకుండా, సన్నటి నూగుతో, ఎక్కువ చుక్కలతో ఉంటుంది. దాని పిల్ల పసుపుపచ్చ, ఒళ్ళంతా ముళ్ళు. ఆకు మీద పచ్చదనం గీకేసి జల్లెడ చేసి పెడుతుంది. దాన్ని పొద్దున్నే చలికి మొద్దుబారి ఉన్నప్పుడు ఏరి సబ్బు నీళ్ళలో వేయడం తేలిక, మధ్యాహ్నమైతే చెయ్యి తగలగానే కింద పడి దొరకదు.

డాబా మీద పెంచేవాళ్ళకి ఈ కష్టాలు కొంత తేలిక. గాలి ఆడుతుంది, ఎండ ముందు తగులుతుంది, మంచు త్వరగా ఆరుతుంది. రాజమండ్రి, భీమవరం లాంటి చోట్ల డాబా మీది టమాటా కింద దొడ్లోదాని కంటే శుభ్రంగా ఉండటానికి అదే కారణం. చేపలూ రొయ్యలూ వచ్చిన పాత థర్మోకోల్ పెట్టెలు ఆకుకూరలకి బాగా కుదురుతాయి. రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టి, అడుగున నాలుగు కన్నాలు పెట్టాలి. కొబ్బరి పొట్టు కలిపేవాళ్ళు దాన్ని కూడా కడగాలి. తీరం దగ్గర, చెరువుల మధ్య ఉన్న ఊళ్ళల్లో బోరు నీరు ఉప్పుగా ఉంటే వాన నీరు ఉన్నంతకాలం ఏమీ తెలియదు. జనవరి వచ్చేసరికి ఆకు అంచులు మాడటం మొదలవుతుంది. దాన్ని చలి దెబ్బ అంటారు, తెగులంటారు. కుండీ అంచున తెల్లటి పొర కనబడితే అది ఉప్పే. అలాంటి చోట కాలువ నీళ్ళు నాలుగు బిందెలు తెచ్చి పోయడమే వైద్యం.

వరి కోతలయ్యాక గడ్డి దొరుకుతుంది కదా అని డిసెంబరులోనే మొదళ్ళకి కప్పేస్తే తడి మట్టిలో నత్తలు కాపురం పెడతాయి. సంక్రాంతి దాటాక, పై మట్టి పొడిబారడం మొదలయ్యాక కప్పితే అదే గడ్డి ఎండల దాకా తేమ కాపాడుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. దానికి వారం పది రోజుల ముందే టమాటా చిగుళ్ళు ముడుచుకోవడం కనబడుతుంది, వేడి తగలగానే తెల్లదోమ పెరిగి ఆకుముడత వైరస్‌ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తుంది. ముడుచుకున్న మొక్కకి మందు కొట్టడం కన్నా పీకి పాతిపెట్టి, ఆ చోట బెండ గింజలు పెట్టుకోవచ్చు. అప్పటికి మట్టి వెచ్చబడి ఉంటుంది, పొయ్యి గట్టు దగ్గర మూట కట్టాల్సిన పని లేదు. చిక్కుడు పందిరికి మాత్రం కింది గుత్తుల్లో నాలుగైదు కాయలు కోయకుండా వదిలేయాలి. అవి పందిరి మీదే ఎండి, చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. మంచు పడే రోజులు పోయాక మధ్యాహ్నం పూట కోసి, ఒలిచి, రెండు రోజులు ఎండబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి మూత బిగిస్తే ఆషాఢం దాకా పుచ్చు పట్టకుండా ఉంటాయి.